గంగులు తెచ్చిన సముద్రం

ఇసకలపేటకు కొత్త కోడలెవరైనా కాపరానికి వస్తే మొదటి వారంలోనే మూడు సంగతులు చెప్పేస్తారు. రేషన్ బియ్యం ఏ రోజు ఇస్తారు, ఏ వీధి కుక్క కరుస్తుంది, గంగులు తన బావ పెరట్లోకి సముద్రాన్ని ఎలా తెచ్చాడు. మొదటి రెండూ అప్పుడప్పుడూ మారుతుంటాయి. మూడోది పద్దెనిమిదేళ్లుగా మారలేదు.

గంగులు నూతులు తవ్వే మనిషి. తాత తవ్వాడు, తండ్రి తవ్వాడు, అయిదో తరగతిలో పుస్తకాల సంచి అటకమీద పడేసి తనూ తవ్వాడు. ఆ ఇసుక నేలలో గొయ్యి తీస్తే గట్లు జారిపోతాయి. అందుకని గుండ్రటి సిమెంటు ఒర ఒకటి నేలమీద పెట్టి, దాని లోపల గొంతుక్కూర్చుని, అంచు కింద ఇసుక తీస్తూ పోవాలి. ఒర తన బరువుకు తనే దిగుతుంది. దాని నెత్తిన ఇంకొకటి. ఒక పక్క రెండు చేరెడ్లు ఎక్కువ తీశామా, ఆ నుయ్యి జన్మంతా తాగినవాడిలా ఒరిగే ఉంటుంది. గంగులు తవ్విన నూతుల్లో ఒక్కటీ ఒరగలేదు.

బావ నారాయణమూర్తి పెరట్లో తవ్వింది కూడా ఒరగలేదు. నిటారుగా, చూడముచ్చటగా ఉంటుంది. నీళ్లే ఉప్పు.

నారాయణమూర్తి అంటే గంగులు అప్ప, అదే అక్క, కూర్మమ్మ మొగుడు. రెండెకరాల పల్లం, నాలుగెకరాల జీడితోట, వాటికి తగని నోరు. నుయ్యి పూర్తయిన మూడో రోజు కూర్మమ్మ పొయ్యిమీద పెట్టిన పప్పు మధ్యాహ్నం దాకా ఉడకలేదు. నీళ్లు పుక్కిట పట్టి చూస్తే నాలిక ముడుచుకుంది. వీధి వీధంతా పెరట్లో పోగైంది. గంగులు అందరి ముఖాలూ చూశాడు. నూతిలోంచి తీసిన నల్లమట్టి పెళ్ల, దానిలో ఇరుక్కున్న గుల్లలు చేతపట్టుకుని, "నా సెయ్యి తప్పు కాదు. ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండీది. ఎనిమిదో ఒర కాణ్నించే ఉప్పు తగిలీసినాది" అన్నాడు.

సముద్రం అక్కడికి కోసు దూరం. మధ్యలో సరుగుడు తోపులు, జీడితోటలు, ఒక తారురోడ్డు ఉన్నాయి. జనం ఒకరినొకరు చూసుకున్నారు. ముందుగా నవ్వింది నారాయణమూర్తే.

"అయితే ఒరే, ఇంక నాను పడవ కొనుక్కోవాల్నేటి?"

అంతే. తప్పు చేస్తే ఊరు ఒకనాటికి మరిచిపోతుంది. నవ్వు పుట్టించే మాట అన్నావంటే మాత్రం నీ పాడె మోసేవాళ్లు కూడా దాన్ని తలుచుకునే మోస్తారు. టీవీలో తుఫాను కబురు వస్తే "గంగులూ, నీ సముద్రం ఏటంతాది?" అనేవారు. చేపల బుట్ట వస్తే "మాకెందుకే, మా గంగులు నూతిలో వలేస్తాడు" అనేవారు. అప్ప ఇంట్లో భోజనానికి కూర్చుంటే బావ లోపలికి వినబడేలా కేకేసేవాడు: "ఒసే, నీ తమ్ముడికి ఉప్పు వడ్డించకు! ఆడికి సొంత సముద్రం ఉన్నాది!"

నవ్వులు పడొచ్చు. కానీ ఆ రోజునుంచి గంగుల్ని కొత్త నుయ్యి తవ్వమని పిలిచినవాడు లేడు. పూడిక తియ్యడానికి పిలిచేవారు, పడిపోయిన చేద వెతకడానికి పిలిచేవారు. నూతిలో దిగడం వేరు, నుయ్యి పుట్టించడం వేరు. పురుళ్లు పోసే మంత్రసానిని పిలిచి బట్టలుతకమన్నట్టు అతనికి లోలోపల మండుతూనే ఉండేది.

ఈ ఏడు వేసవి ముంచుకొచ్చేలోపు పై వీధికి మంచినీళ్ల నుయ్యి ఒకటి కావాలని అందరూ అనుకున్నారు. బోరు వేస్తే ఉప్పు పడుతుంది. ఇంటింటికీ కుళాయి గొట్టమైతే వచ్చింది. గొట్టంలోకి నీళ్లు రావడం మాత్రం ఆఫీసువాళ్ల దయ, కరెంటువాళ్ల దయ, పైనున్నవాడి దయ, మూడూ ఒకే రోజు కుదరాలి. స్థలం నారాయణమూర్తి పెరటి దడికి అవతల, నలభై అడుగుల దూరంలో చూశారు. తవ్వేది ఎవరన్నదే తేలలేదు.

"ఒర దింపేటోడు గంగులు తప్ప ఈ సుట్టుపక్కల ఎవుడున్నాడు?" అంది లక్ష్మణమ్మ. డెబ్బై దాటిన మనిషి. పై వీధిలో ఆవిడ మాటకు ఎదురాడాలంటే ముందు కొంచెం దూరం జరిగి నిలబడాలి. "గాని ఆడి సేత్తో మల్లీ ఉప్పే పడితే? బొబ్బిలి కాణ్నించి ఇంకోడిని రప్పించండి."

బొబ్బిలివాడికి ఎర్రమట్టి తెలుసు గానీ ఇసుకేం తెలుసని గంగులు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "నా నూతికి ఉప్పొచ్చింది సముద్రం వల్లే అంటే ఇనరేటి మీరు?" అని మొత్తుకున్నాడు. అలా అనగానే అందరూ మళ్లీ నవ్వారు.

సరిగ్గా ఆ వారమే అనూరాధ వచ్చింది.

చీపురుపల్లిలో కిరాణా కొట్టువాళ్ల అమ్మాయి. ఇప్పుడు యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెబుతోంది. నలభై దాటిన మనిషి, ఎండకు టోపీ, కాళ్లకు మగవాళ్ల బూట్లు. జీపునిండా ఇనప గొట్టాలు వేసుకొచ్చి తుఫాను షెల్టర్ దగ్గర దిగింది. "ఏటి పని మీద వచ్చినారమ్మా?" అని అరుగుమీదివాళ్లు అడిగారు.

"వేల ఏళ్ల కిందట సముద్రం ఎక్కడిదాకా ఉండేదో చూద్దామని వచ్చానండీ."

అరుగుమీదున్న ఆరుగురూ, ఒకరినొకరు చూసుకోకుండానే, గంగులు ఇంటివైపు వేలు చూపించారు.

గుమ్మంలో నిలబడి "గంగులు గారూ" అని పిలిస్తే అతను వెనక్కి తిరిగి చూశాడు, ఆ 'గారు' ఎవరా అని. సంగతి విన్నాక ముఖం గంటు పెట్టుకున్నాడు.

"ఎవుడు పంపినాడు మిమ్మల్ని? మా బావేనా? యేషాలకి జీపులు కూడా కడతన్నాడేటి ఈ మధ్య?"

ఆవిడ నవ్వలేదు. అరచేతి వెడల్పు నోటుబుక్కు తీసి, "మీరు నూతిలో చూసిన మట్టి ఏ రంగు, ఎలా ఉంది, చెప్పండి" అంది. పద్దెనిమిదేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. గంగులు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయల్దేరాడు.

కొత్త నూతికి చూసిన చోటే ముందు తవ్వి చూద్దామంది. జారే ఇసుకను ఆపడానికి వెడల్పాటి గొట్టం ఒకటి దింపి, దాని లోపలినుంచి సగానికి చీల్చినట్టున్న సన్న గొట్టాన్ని మెలిపెడుతూ దింపాలి. మూరెడు దిగాక పైకి లాగితే దాని కడుపులో మట్టి ఉన్నది ఉన్నట్టే వస్తుంది, ఏ పొర కింద ఏ పొరో ఆ వరసలోనే. మెలిపెట్టే పని గంగులుది. నారాయణమూర్తి దడిమీద మోచేతులు ఆనించి వినోదం చూస్తున్నాడు.

"మేడమ్ గారూ, ఆడిసేత తవ్వించకండి. మీ గొట్టంలోకి రొయ్యలొస్తాయి!"

"బావా, నోరు ముయ్యి. ఈళ్లు సదువుకున్నోళ్లు."

"అందుకే సెప్తన్నాను. సదువుకున్నోళ్లకి ఈత రాదు."

అయిదడుగుల దగ్గర తెల్లటి ఇసుక వచ్చింది. అనూరాధ చిటికెడు తీసి ముందు పళ్లమధ్య పెట్టి కొరికి, పక్కకు ఉమ్మింది. గంగులు చేతిలో గొట్టం ఆగిపోయింది.

"ఏటి, మీరూ మన్ను తింతారా?"

"నలుసు ఉందో లేదో పంటికి తెలిసినట్టు కంటికి తెలీదు. మెత్తటి బంకమట్టయితే వెన్నలా జారుతుంది. ఒండ్రయితే కరకరమంటుంది. మీరు?"

"మాది నాలిక. మాకు ఉప్పూ, సప్పా, తుప్పూ కావాల." గంగులు కూడా చిటికెడు వేసుకున్నాడు. "ఇది మంచిది. ఇంకా మూడు మూరలు ఇలగే వస్తాది. తరవాత ముతక ఇసక."

మూడు మూరల తరవాత ముతక ఇసుకే వచ్చింది. ఆవిడ ఏదో రాసుకుంది. ఆపైన ప్రతి మూరకూ అదే తంతు. గొట్టం పైకి రావడం, ఆవిడ కొరకడం, అతను నాకడం, ఇద్దరూ చెరోపక్కకు ఉమ్మడం. దడి దగ్గర ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఓలమ్మో, ఊరగాయ రుసి సూసినట్టు సూస్తన్నారే!" అని లక్ష్మణమ్మ బుగ్గలు నొక్కుకుంది. గంగులు ముందు చెప్పడం, గొట్టం తరవాత ఒప్పుకోవడం. మధ్యాహ్నానికి అనూరాధ అతన్ని చూసే చూపే మారిపోయింది.

పదిహేను అడుగుల దగ్గర గొట్టం బిగుసుకుంది. ఇద్దరూ కలిసి మెలిపెట్టి లాగితే, అడుగున నల్లటి మట్టి వచ్చింది. కుళ్లిన కోడిగుడ్డు కంపు. కుళ్లిన వేళ్ల పీచులు. వాటిమధ్య బొటనవేలి గోరంత గుల్ల ఒకటి, రెండు చిప్పలూ మూసుకుని ఉంది.

అనూరాధ దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆ మట్టి నేలమీదే చతికిలబడింది.

"అల తెచ్చి పారేసిన గుల్లయితే చిప్పలు దేనికది విడిపోతాయి. మనుషులు తిని పారేసినా అంతే. ఇది మూసుకునే ఉందంటే ఇక్కడే బతికింది, ఇక్కడే పోయింది."

"సొంతిల్లన్నమాట."

"సొంతిల్లే. ఈ నల్లమట్టి పోటు నీళ్లు ఎక్కి దిగే చోటే పడుతుంది, ఈ వేళ్లు మడచెట్లవి. ఇప్పుడా మట్టి ఏ ఎత్తున ఉందో కొలిస్తే అప్పటి సముద్రం ఏ ఎత్తున ఉండేదో తెలుస్తుంది. గుల్ల వయసు ల్యాబ్‌లో కడతారు. నా అంచనా ఆరువేల ఏళ్ల పైమాటే."

షెల్టర్ దగ్గర, సముద్రానికి ఎంత ఎత్తో చెక్కి ఉన్న కొలతరాయి నుంచి మూడుకాళ్ల పీటమీద దుర్బీను పెట్టి, చారల కర్ర పట్టించి, సాయంత్రందాకా కొలిచింది. చివరికి తేలిందేమిటంటే, ఆ నల్లమట్టి నేటి సముద్రానికి ఒక మనిషి నడుమెత్తు పైన ఉంది. ఒకనాడు సముద్రం అంత ఎత్తున నిలిచింది. నారాయణమూర్తి పెరడు అప్పుడు పోటుకు మునిగే బురదరేవు. ఆ పైనున్న ఇసుకంతా సముద్రం వెనక్కి వెళ్తూ వెళ్తూ వదిలేసిన దిబ్బ.

"అయితే ఇక్కడ సముద్రం ఉండీదా?" లక్ష్మణమ్మ అడిగింది.

"ఉండేదమ్మా. గంగులు గారు చెప్పింది నిజమే."

ఎవరూ నవ్వలేదు. పద్దెనిమిదేళ్లుగా ఎదురుచూసిన ఆ నిశ్శబ్దం ఎంత తియ్యగా ఉందంటే, గంగులుకు ఎక్కడ చూడాలో తెలియక గొట్టాలు తుడవడం మొదలుపెట్టాడు. తుడిచినవే తుడిచాడు.

"సరే," అంది లక్ష్మణమ్మ. "బొబ్బిలోడు వొద్దు. సముద్రం సేసిన పనికి ఈడినేటి అంతాం. కొత్త నుయ్యి గంగులే తవ్వుతాడు."

కథ అక్కడ ఆగిపోయుంటే గంగులంత సుఖంగా బతికినవాడు జిల్లాలో ఉండడు. కానీ చదువుకున్నవాళ్లతో వచ్చిన చిక్కే ఇది, ఉన్నదానితో ఊరుకోరు.

మర్నాడు పొద్దున్న అనూరాధ నోటుబుక్కుతో మళ్లీ వచ్చింది. నిన్నటి గోతికి తోడు, పాత నూతికి పదడుగుల దూరంలో ఇంకొకటి వేసింది. అక్కడా పదిహేను అడుగులకే నల్లమట్టి.

"మీ నూతి లెక్క కూడా రాసుకోవాలి. ఒర ఎత్తెంత?"

"అడుగున్నర."

"గుల్లలు, ఉప్పు, ఎన్నో ఒర దగ్గర తగిలాయి?"

గంగులు నోట్లోంచి మాట అలవాటు చొప్పున జారింది. ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని టీకొట్ల దగ్గర అన్న మాటో.

"ఎనిమిదో ఒర."

ఆవిడ లెక్క వేసుకుంది. నుదురు ముడిపడింది. "అంటే ఏడు ఒరలు దిగాక, పదిన్నర అడుగుల దగ్గర. నాకిక్కడ పదిహేను వస్తోంది, పక్కనే పదడుగుల దూరంలో. అలా ఎలా?"

"ఏమో మేడమ్. సముద్రం కదా. దానిష్టం."

మామూలుగా అయితే ఎవరైనా ఏమనుకుంటారు? తవ్వేవాడు, పద్దెనిమిదేళ్ల కిందటి సంగతి, మరిచిపోయి ఉంటాడనుకుంటారు. అనూరాధ అలా అనుకోలేదు. నిన్న పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆ నాలిక ఒక్కసారి కూడా తప్పలేదని ఆవిడ కళ్లారా చూసింది. ఆ నాలిక ఎనిమిది అంటే ఎనిమిదే. గంగులు నేర్పే గంగులు కొంప ముంచింది.

ఆ మధ్యాహ్నం భోజనం కూర్మమ్మ ఇంట్లోనే. గంగులు వరండాలో ఓ మూల కూర్చున్నాడు. అనూరాధ చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని ఏదో ఆలోచిస్తోంది.

"కూర బాగులేదేటమ్మా?" కూర్మమ్మ అడిగింది.

"బాగుందండీ. ఒక్కటే తట్టింది నాకు. సముద్రం ఒకసారి కాదు, రెండుసార్లు వచ్చుంటుంది. మొదటిసారి నడుమెత్తు. వెనక్కి వెళ్లి, మళ్లీ ఇంకో నాలుగున్నర అడుగులు పైకి వచ్చింది. ఆ రెండోసారి పడ్డ మట్టి మిగతా చోట్ల కొట్టుకుపోయి, మీ నూతి దగ్గర మాత్రం ఓ ముక్క మిగిలింది. ఈ తీరంలో ఇంతవరకు ఎవరూ అలా రాయలేదు."

నారాయణమూర్తి మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "ఓర్నాయనో! ఒకటి తెచ్చాడనుకుంటే రెండు తెచ్చినాడేటి!"

గంగులు కలిపిన ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాడు.

"ఇంకో సంగతి," అంది అనూరాధ. "రేపు షెల్టర్ దగ్గర వీధివాళ్లందరికీ చెబుతాను. పక్కనే ఎనిమిదో ఒర దగ్గర ఉప్పు ఉందంటే అది కొత్త నూతిలోకీ ఊరుతుంది, ఆరేడు ఒరలకు ఆపెయ్యాలి. అంత పైన నీళ్లు నిలబడవు, మాఘం దాటితే అడుగు కనిపిస్తుంది. అసలిక్కడ తవ్వడమే దండగ. తోట అవతల చూసుకోవడం మంచిది."

తోట అవతల అంటే ఇప్పుడు ఆడవాళ్లు బిందెలతో వెళ్తున్న చెలమ దగ్గరికే. అంటే నుయ్యి వచ్చినా నడక తప్పదు. కూర్మమ్మ మోకాలు తడుముకుంది. ఆవిడ రోజుకు మూడుసార్లు వెళ్తుంది.

గంగులు చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. పెరట్లో తన నూతి దగ్గరికి వెళ్లి లోపలికి చూశాడు. అది పద్దెనిమిదేళ్లుగా బట్టలుతకడానికీ, గేదె కడగడానికీ పనికొస్తోంది. అసలు జరిగిందేమిటో అతనికీ నూతికీ తెలుసు.

ఆ రోజు పదో ఒర దిగేసరికి నీళ్లు మోకాలిదాకా ఊరాయి. దోసిలి పట్టి తాగాడు, ఒక బొక్కెన పైకి పంపాడు కూడా. కొబ్బరినీళ్లే. పైనుంచి బావ "సాల్రా, ఇంక సాలు, పైకి వచ్చీ!" అని అరిచాడు. కానీ ఒరలు పది. సరిసంఖ్య. ఒరలు బేసిగా ఉండాలని తాత అన్నాడు, తండ్రి అన్నాడు. సరిసంఖ్య ఒరలున్న నుయ్యి ఇంటి ఆడదానికి అచ్చిరాదన్నారు. తాగేది సొంత అప్ప. తొమ్మిదికి ఆగాల్సింది, మాటల్లోపడి పది దింపేశాడు. దిగిన ఒర పైకి రాదు. ఇంకొకటి దింపాలి. కాలికింద నల్లమట్టి తపేలా అడుగులా గట్టిగా తగిలింది. చిటికెడు నాలికమీద వేసుకున్నాడు. ఉప్పు. ఆ తపేలాయే పైనున్న మంచినీళ్లను పట్టుకుని ఉందని అతని వేళ్లకు తెలిసింది. తెలిసీ పలుగు వేశాడు. పదకొండో ఒర దిగింది, తపేలాకు చిల్లు పడింది, కిందున్న ఆరువేల ఏళ్ల ఉప్పునీరు బుసబుసమంటూ పైకి వచ్చింది. ఆ ఎనిమిదో ఒర మాట తరవాత పుట్టింది. ఎనిమిది దగ్గరే ఉప్పంటే పదకొండు గురించి ఎవడూ అడగడు కదా.

ఇప్పుడా మాట సముద్రాన్నే లేపి కూర్చోబెట్టింది. ఎన్నడూ రాని సముద్రం, పుస్తకాల్లోకి ఎక్కబోతోంది. అది ఎక్కితే గంగులుకొచ్చే నష్టం లేదు. నోరు మూసుకుంటే పేరుకు పేరు, గౌరవానికి గౌరవం. తోట అవతలయినా తవ్వేది అతనే. నోరు విప్పితే మళ్లీ పూడికతీతే.

మర్నాడు షెల్టర్ అరుగుమీద పై వీధంతా చేరింది. అనూరాధ గోడమీద సుద్దముక్కతో ఒక గీత గీసింది, మొదటి సముద్రం. దానిపైన ఇంకో గీత మొదలుపెట్టింది. "రెండోసారి సముద్రం ఇక్కడిదాకా..."

"రాలేదు," అన్నాడు గంగులు.

ఆవిడ సుద్దముక్క అలాగే పట్టుకుని తిరిగింది.

"రెండోది రాలేదు మేడమ్. అది నా నోటి సముద్రం. ఉప్పు తగిలింది పదకొండో ఒర కాడ. పదో ఒర దాకా కొబ్బరినీల్లే. సరిసంఖ్య వొద్దని నానే ఇంకోటి దింపీసినాను. నల్లమట్టి తగిలింది, ఉప్పని తెలిసింది, తెలిసే పొడిసీసినాను. నుయ్యి సెడగొట్టింది సముద్రం కాదు. నాను."

గంగులు తల దించుకుని, ముందు ఎవరు నవ్వుతారా అని కాచుకున్నాడు. నవ్వు రాలేదు. లక్ష్మణమ్మ లేచి, కర్ర పొడుచుకుంటూ వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"ఒరే గంగులూ. బేసి కావాలంటే ఆ పదకొండో ఒర దింపకుండా పైనే ఉంచుకుంటే అయిపోను కదరా? గట్టుకి గట్టూ ఉండీది, లెక్కకి లెక్కా సరిపోను!"

గంగులు వేళ్లమీద ఒరలు లెక్కపెట్టుకున్నాడు. సరిపోయాయి. పద్దెనిమిదేళ్లు. నిద్రలో, మెలకువలో, పరాయి నూతుల బురదలో ఆ ఒర గురించి ఆలోచించని రోజు లేదు. దాన్ని దింపకుండా పైనే వదిలెయ్యొచ్చన్న ఆలోచన మాత్రం ఒక్కనాడూ రాలేదు. తాతకూ రాలేదు, తండ్రికీ రాలేదు.

అప్పుడు నవ్వారు. అరుగు అరుగంతా పగలబడి నవ్వింది. కూర్మమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. గోడవైపు తిరిగి అనూరాధ కూడా భుజాలు అదిరేలా నవ్వి, ఆ సగం గీతను చేత్తో తుడిపేసింది.

"బతికించారు గంగులు గారూ. మా వాళ్లలో కూడా ఇలాంటి సముద్రాలు అప్పుడప్పుడూ లేస్తుంటాయి. వాటిని దింపడానికి పదేళ్లు పడుతుంది. మీరు ఒక్కరోజులో దింపేశారు." తరవాత వీధివాళ్లవైపు తిరిగింది. "అయితే నుయ్యి ఇక్కడే తవ్వుకోవచ్చు. నల్లమట్టి తగిలేముందు ఆపెయ్యాలి. దాన్ని ముట్టుకోకూడదు. అంతే."

"తవ్వేదెవుడు మరి?" వెనకనుంచి ఎవరో అన్నారు. "బొబ్బిలోడికి కబురెట్టాల్నా?"

"ఎందుకూ?" లక్ష్మణమ్మ కర్ర నేలకేసి కొట్టింది. "ఆడొచ్చి కొత్తగా సెడగొట్టి నేర్సుకుంతాడేటి? ఈడు సెడగొట్టీసినాడు కదా, అయిపోయింది. ఎక్కడ పొడిస్తే పోతాదో ఈడికి తెలిసినట్టు ఇంకెవుడికి తెలుస్తాది? గంగులే తవ్వుతాడు. లక్ష్మివారం మొదలెట్టు."

ఇది పొగడ్తో తిట్టో తేల్చుకోలేక గంగులు అరుగు దిగి ఇంటిదారి పట్టాడు. నాలుగడుగులు వేశాడో లేదో వెనకనుంచి నారాయణమూర్తి చెప్పులు టపటపమన్నాయి. బావ మాట్లాడకుండా నడవడం గంగులుకు భయంగానే ఉంది.

"ఏటి, ఇంకా అనలేదు?" అన్నాడు చివరికి గంగులే. "అను. కొత్త పేరు ఎతుకుతన్నావేటి?"

"ఎతకడానికేటున్నాది. నాకు తెలిసిందే గదా."

"ఏటి తెలుసు?"

"పదో ఒర కాడ సాల్రా అని అరిసింది ఎవుడు? నాను కాదేటి? నువ్వు పంపిన బొక్కెన నీల్లు నాను తాగినాను. తియ్యగున్నాయి. మూడో నాడు మల్లీ తాగితే ఉప్పు. ఆ మూడు దినాల్లో సముద్రం నడిసొచ్చీసిందని నమ్మీడానికి నాను ఎర్రోడినేటి?"

గంగులు దారిమధ్య ఆగిపోయాడు. "తెలిసుండి పద్దెనిమిదేళ్లు..."

"సెప్పమంతావేటి? మీ అప్పకి ఏటని సెప్పీది? నీ తమ్ముడు తెలిసి తెలిసి నీ నుయ్యి పాడుసేసినాడనా? అది ఇంటాదా, ఊరుకుంతాదా? నువ్వు సముద్రం అన్నావు. బాగున్నాదనుకున్నాను. సముద్రం మీద ఎంత నవ్వినా దానికి నొప్పేటి?"

"నవ్వింది నా మీద!"

నారాయణమూర్తి ఒక్క క్షణం ఆలోచించాడు. "ఆ... నీ మీద కూడా. కొంచెం."

గంగులుకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ తను మోసం చేస్తున్నాననుకున్నాడు. తీరా చూస్తే తననే చంకన వేసుకుని మోశాడు ఈ మనిషి, నోటితో గిల్లుతూ గిల్లుతూ. కోపగించుకుందామంటే దేనిమీదో తెలియడం లేదు, కృతజ్ఞత చూపిద్దామంటే ఆ ముఖం చూస్తే బుద్ధి పుట్టడం లేదు.

"లక్ష్మివారం నా నూతి కాడికి నువ్వు రావొద్దు."

"రాను. గట్టు మీద కూకుంతాను."

"కూకుంటే నోరు మూసుకుని కూకో."

"అలగే."

గంగులు విసవిసా నడిచాడు. పది అడుగులు పోయాక వేగం తగ్గించాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"కాదు. నోరు మూసుకోకు."